మేనేజరు చేతిలో ఎంత, జట్టు జాబితా చేతిలో ఎంత?

ఈ నెల ఆటల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో బేస్‌బాల్ గురించి అడిగినవి ఎక్కువగా ఉన్నాయి. వాటిలో ఒకే విషయం చుట్టూ తిరిగిన కొన్నింటిని ఎంచుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి పుణ్యమా అని టెక్సస్ రేంజర్స్ ఆటలు చూడడం ఇంటిల్లిపాదికీ అలవాటైంది. 2023లో ఆ జట్టు అమెరికా బేస్‌బాల్‌లో ఆఖరి పోటీ అయిన వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు మేనేజరు బ్రూస్ బోచీని అందరూ ఆకాశానికి ఎత్తేశారు. మరుసటి ఏడాది అదే మేనేజరు ఉండగా జట్టు సగం ఆటలు కూడా గెలవలేదు. అసలు మేనేజరు వల్ల జట్టుకు ఒరిగేది ఎంత?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీరు చెప్పిన ఉదాహరణలోనే జవాబు చాలావరకు ఉంది. 2021లో రేంజర్స్ 162 ఆటల్లో 102 ఓడిపోయింది. ఆ సీజన్ ముగిశాక యాజమాన్యం కోరీ సీగర్‌తో పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లకు, మార్కస్ సెమియన్‌తో ఏడేళ్లకు 17.5 కోట్ల డాలర్లకు ఒప్పందాలు చేసుకుంది. అయినా 2022లో 94 ఓటములు తప్పలేదు; మేనేజరు క్రిస్ వుడ్‌వర్డ్‌ను ఆగస్టులోనే సాగనంపారు. బోచీ పగ్గాలు పట్టిన 2023లో జట్టు 90 ఆటలు గెలిచింది, ప్లేఆఫ్స్‌లో పరాయి మైదానాల్లో ఆడిన 11 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు, తన చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్ అందుకుంది. 2024లో మళ్లీ 78 గెలుపులు, 84 ఓటములు.

అంతవరకే వింటే 2023 అంతా బోచీ మహిమ అనిపిస్తుంది. అయితే ఆ సీజన్‌కు ముందు పిచర్ (బ్యాటర్‌కు బంతులు వేసే ఆటగాడు) నేథన్ ఇవోల్డీ జట్టులోకి వచ్చాడు, సీజన్ మధ్యలో జోర్డాన్ మాంట్‌గోమరీ, మాక్స్ షెర్జర్ వచ్చి చేరారు, బ్యాటర్లలో దాదాపు అందరూ ఒకే ఏడాది తమ ఉత్తమ స్థాయిలో ఆడారు. ఆ జట్టు ఆ ఏడాది 881 పరుగులు చేసింది. మరుసటి ఏడాది మాంట్‌గోమరీ వేరే జట్టుకు వెళ్లిపోయాడు, కుర్రవాళ్లు జోష్ యంగ్, ఇవాన్ కార్టర్ గాయాలతో చాలా కాలం బయట కూర్చున్నారు, అడోలిస్ గార్సియా బ్యాటు మూగబోయింది. పరుగులు 700 దాటలేదు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడుతున్న బోచీ ఒక్క శీతకాలంలో తనకు తెలిసిన ఆటను మరచిపోయి ఉండరు కదా. పిండి కొద్దీ రొట్టె అన్న మాట ఈ ఆటకు వర్తించినంతగా మరే ఆటకూ వర్తించదేమో.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. మేనేజరు అనగానే మనవాళ్లకు జట్టు వెంట ఉండి బస, ప్రయాణం చూసుకునే ఉద్యోగి గుర్తుకు రావచ్చు. బేస్‌బాల్‌లో మేనేజరు అంటే ఆటగాళ్లలాగే యూనిఫాం వేసుకుని, మైదానం పక్కన జట్టు కూర్చునే డగౌట్‌లో నిలబడి, ఆ రోజు ఎవరు ఆడాలో, ఏ వరుసలో బ్యాటింగ్ చేయాలో, పిచర్‌ను ఎప్పుడు మార్చాలో నిర్ణయించే వ్యక్తి. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, ఇతర జట్లతో మార్పిడి చేసుకోవడం జనరల్ మేనేజరు, ఆయన కార్యాలయం చూసుకునే పని. మీరు అడిగింది మొదటి వ్యక్తి గురించి, కాని గెలుపులో పెద్ద వాటా రెండో వ్యక్తిది.

కనీస వేతనానికి ఎప్పుడైనా దొరికే ఆటగాళ్లతోనే జట్టు కూర్చితే అది 162 ఆటల్లో సుమారు 48 గెలుస్తుందని విశ్లేషకులు లెక్కగడతారు. అక్కడి నుంచి 90 దాకా ఎక్కించేది ఆటగాళ్ల ప్రతిభ. అగ్రశ్రేణి ఆటగాడు ఒక్కడే ఏడాదికి ఆరేడు గెలుపులు తెచ్చిపెట్టగలడు. అదే లెక్కలో సుమారు పది అదనపు పరుగులు ఒక గెలుపుతో సమానం. టీవీలో గంటల కొద్దీ చర్చించే బ్యాటింగ్ వరుసనే తీసుకుంటే, మంచి వరుసకూ సాధారణమైన వరుసకూ మధ్య తేడా ఏడాది మొత్తానికి ఒకటి రెండు గెలుపులకు మించదు. పిచర్ మార్పులు, విశ్రాంతి రోజులు, ఆటగాళ్ల గదిలో వాతావరణం అన్నీ కలిపినా చాలా మంచి మేనేజరుకూ సామాన్యుడికీ మధ్య తేడా నాలుగైదు గెలుపులు ఉండవచ్చని నా అంచనా. 70 గెలుపుల జట్టును 95కు తీసుకెళ్లగల మనిషి ఉన్నాడంటే నేను నమ్మను.

నమ్మకపోవడానికి పాత ఆధారాలూ ఉన్నాయి. కోనీ మ్యాక్ అనే మేనేజరు ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ను 1901 నుంచి 1950 దాకా యాభై ఏళ్లు నడిపారు. 1914లో ఆయన జట్టు 99 ఆటలు గెలిచి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. ఖర్చు భరించలేక ఎడ్డీ కాలిన్స్‌ను 50 వేల డాలర్లకు అమ్మేశారు, మరికొందరు కొత్తగా పుట్టిన పోటీ లీగ్‌కు తరలిపోయారు. 1915లో 109 ఓటములు, 1916లో 117. పదమూడేళ్ల తర్వాత, మళ్లీ గొప్ప ఆటగాళ్లను పోగేసుకుని 1929లో, 1930లో వరల్డ్ సిరీస్ గెలిచినదీ ఆ మ్యాకే. మనిషి మారలేదు, నగరం మారలేదు, జాబితా ఒక్కటే మారింది. న్యూయార్క్ యాంకీస్‌తో పన్నెండేళ్లలో ఏడు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన కేసీ స్టెంగెల్ సంగతీ అంతే. 1962లో కొత్తగా పుట్టిన మెట్స్ జట్టును ఆయన చేతిలో పెడితే 40 గెలిచి 120 ఓడిపోయింది.

అలాగని మేనేజరును తీసిపారేయడం కూడా తప్పే. 2023 అమెరికన్ లీగ్ (రెండు ప్రధాన లీగ్‌లలో ఒకటి) ఫైనల్ ఐదో ఆట ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ పిచర్ హోసే లెక్లెర్క్ బంతిని హ్యూస్టన్ ఆటగాడు ఆల్టూవే మైదానం గోడ దాటించి మూడు పరుగుల హోమ్ రన్‌గా మలిచి, చేతికి చిక్కిన ఆటను రేంజర్స్ నుంచి లాగేసుకున్నాడు. అలాంటి దెబ్బ తిన్న పిచర్‌ను చాలామంది ఆ సిరీస్‌లో మళ్లీ ముట్టుకోరు. రెండు రోజుల తర్వాత ఆరో ఆటలో, ఓడితే ఇంటికి వెళ్లవలసిన స్థితిలో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బోచీ మళ్లీ లెక్లెర్క్‌నే పిలిచారు. మూడు బేస్‌ల మీదా హ్యూస్టన్ ఆటగాళ్లు నిలిచినా అతడు పరుగు ఇవ్వకుండా గండం గట్టెక్కించాడు. 162 ఆటల లెక్కల్లో ఈ నమ్మకానికి గడి ఉండదు. నేను చెప్పిన నాలుగైదు గెలుపులు ఇలాంటి చోట్లే పుడతాయి.

ప్రశ్న: 2020 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో టాంపా బే మేనేజరు కెవిన్ క్యాష్, అద్భుతంగా బంతులు వేస్తున్న బ్లేక్ స్నెల్‌ను తప్పించి ఆట పోగొట్టారని మా హాస్టల్‌లో ఇప్పటికీ వాదన నడుస్తుంది. మీరు ఎవరి పక్షం?
– ఒక విద్యార్థి, తార్నాక

జవాబు: సగం మీ మిత్రుల పక్షం, సగం క్యాష్ పక్షం. ముందుగా ఏం జరిగిందో చూద్దాం. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ మీద టాంపా బే 1–0 ఆధిక్యంలో ఉంది. ఆరో ఇన్నింగ్స్‌లో ఒకరు ఔటయ్యాక స్నెల్ రెండో హిట్ (బ్యాటర్‌ను బేస్ చేర్చే దెబ్బ) ఇచ్చాడు. అప్పటికి వేసినవి 73 బంతులే, తొమ్మిది మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు. తర్వాత రావలసినవారు బెట్స్, అప్పట్లో డాడ్జర్స్‌లోనే ఉన్న సీగర్, టర్నర్. ముగ్గురూ ఆ రాత్రి అతడి ఎదుట తలా రెండుసార్లు నిలబడి, ఆరుసార్లూ స్ట్రైకౌట్ అయినవారే. అయినా క్యాష్ డగౌట్ నుంచి బయటికి నడిచారు. స్నెల్ ముఖంలో అసంతృప్తి కెమెరాకు చిక్కింది. వచ్చిన నిక్ ఆండర్సన్ బంతిని బెట్స్ డబుల్‌గా (రెండు బేస్‌ల హిట్) కొట్టాడు, క్యాచర్‌కు అందకుండా పోయిన ఒక వైల్డ్ పిచ్‌తో స్కోరు సమమైంది, సీగర్ నేల మీదుగా కొట్టిన బంతికి రెండో పరుగూ వచ్చింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బెట్స్ హోమ్ రన్‌తో ఆట 3–1గా ముగిసి, కప్పు లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు వెళ్లిపోయింది.

క్యాష్ వైపు వాదన బలహీనమైనదేమీ కాదు. ఒకే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనేటప్పుడు బ్యాటర్లు మెరుగ్గా ఆడతారన్నది ఏళ్ల తరబడి గణాంకాలు చెబుతున్న విషయం. స్నెల్ ఆ ఏడాది ఒక్క ఆటలోనూ ఆరు ఇన్నింగ్స్ పూర్తి చేయలేదు. పిచర్లను తొందరగా మార్చే ఈ పద్ధతితోనే టాంపా బే, కోవిడ్ వల్ల 60 ఆటలకు కుదించిన ఆ సీజన్‌లో 40 గెలిచి అమెరికన్ లీగ్‌లో అందరికంటే ముందు నిలిచింది. ఏడాదంతా అన్నం పెట్టిన పద్ధతిని ఆఖరి రోజుల్లో వదులుకోలేదన్నది ఆయన తప్పయితే, ఆ తప్పు కార్యాలయంలో ఉన్నవారందరికీ చెందుతుంది.

నా అభ్యంతరం స్నెల్‌ను తీసేయడం మీద కన్నా ఆండర్సన్‌ను తేవడం మీద ఎక్కువ. అతడు అంతకుముందు వరుసగా ఆరు ప్లేఆఫ్ ఆటల్లో పరుగులు ఇచ్చుకున్నాడు. సీజన్‌లో అతడు గొప్పగా వేసిన మాట నిజమే, కాని అక్టోబరు నాటికి అలసిపోయాడని కంటికి కనబడుతూనే ఉంది. అంకెలు పట్టుకోలేని ఈ అలసటను పసిగట్టడానికే మేనేజరు డగౌట్‌లో ఉంటాడు. మరొక మాట కూడా మీ హాస్టల్ వాదనలో చేర్చండి: ఆ రాత్రి టాంపా బే బ్యాటర్లు మొత్తం మీద చేసింది ఒక్క పరుగు.

2003లో బోస్టన్ మేనేజరు గ్రేడీ లిటిల్ దీనికి సరిగ్గా తిరగేసిన పని చేశారు. యాంకీస్‌తో అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో ఆటలో 5–2 ఆధిక్యంతో, వందకు పైగా బంతులు వేసి అలసిన పెడ్రో మార్టినెజ్‌ను ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అలాగే కొనసాగించారు. స్కోరు సమమై, పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ హోమ్ రన్‌తో బోస్టన్ ఇంటిదారి పట్టింది, లిటిల్‌కు ఒప్పందం పొడిగించలేదు. ఒకరు తీసేసి తిట్లు తిన్నారు, ఒకరు ఉంచేసి తిట్లు తిన్నారు. ఇలాంటి సందర్భాల్లో తీర్పు చెప్పేవారు ఫలితం తెలిశాక మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు; నేను కూడా అందుకు మినహాయింపు కాకపోవచ్చు.

ప్రశ్న: జట్టు జాబితా అంటే ఆడేవారి పేర్లే కదా? దానిలో వారం వారం మార్పులు ఎందుకు జరుగుతాయి? ఆఖరి పేర్ల వల్ల గెలుపోటములు మారతాయా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మారతాయి, ఒక్కోసారి చరిత్రే మారుతుంది. ఆగస్టు చివరిదాకా ఏ రోజైనా ఆడడానికి అర్హత ఉన్నవారు సాధారణంగా 26 మంది, అందులో పిచర్లు 13 మందికి మించరాదు. ఇతర జట్లు ఎగరేసుకుపోకుండా సంస్థ ఒప్పందంలో రక్షణ ఉన్నవారు మొత్తం 40 మంది. నిన్న రాత్రి నలుగురు పిచర్లు అలసిపోతే, ఇవాళ అనుబంధ చిన్న లీగ్ జట్టు నుంచి అలసిపోని పిచర్‌ను రప్పించి, మరొకరిని కిందికి పంపుతారు. అలా పంపే వీలు ప్రతి ఆటగాడి విషయంలో ఉండదు, కొన్ని సీజన్ల తర్వాత అది అయిపోతుంది. అందువల్ల సత్తా ఉండి, కిందికి పంపే వీలు కూడా ఉన్న పిచర్లు నలుగురైదుగురు దొరికిన జట్టుకు కాగితం మీద 13 మందే ఉన్నా, వాస్తవానికి పదిహేడు పద్దెనిమిది మంది ఉన్నట్టే. టాంపా బే లాంటి తక్కువ ఖర్చు జట్లు బతికి బట్టకట్టడం వెనుక ఈ కిటుకు చాలా ఉంది.

ఆఖరి పేరు విలువ తెలియాలంటే 2004 చూడాలి. ఆ జులై 31న బోస్టన్ జనరల్ మేనేజరు థియో ఎప్స్టీన్ జట్టుకు ప్రాణంలాంటి నోమార్ గార్సియాపర్రాను మార్పిడిలో వదిలేసి అభిమానుల ఆగ్రహం మూటగట్టుకున్నారు. అదే రోజు ఎవరూ పెద్దగా పట్టించుకోని మరో చిన్న ఒప్పందంలో, వేగంగా పరుగెత్తే డేవ్ రాబర్ట్స్‌ను తెచ్చుకున్నారు. అక్టోబరులో యాంకీస్ 3–0తో ముందున్న సిరీస్ నాలుగో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్, బోస్టన్ ఒక్క పరుగు వెనుక. కెవిన్ మిల్లర్ నడకతో (పిచర్ నాలుగు తప్పు బంతులు వేస్తే దక్కే బేస్) మొదటి బేస్ చేరగానే మేనేజరు టెర్రీ ఫ్రాంకోనా అతడి స్థానంలో రాబర్ట్స్‌ను దింపారు. పిచర్ బంతి వేస్తుండగానే అతడు తర్వాతి బేస్‌కు దొంగ పరుగు తీయబోతున్నాడని స్టేడియంలో అందరికీ తెలుసు, పిచర్ మరియానో రివేరాకూ తెలుసు. అయినా రెండో బేస్ దక్కించుకున్నాడు, తర్వాతి హిట్‌తో హోమ్ ప్లేట్ చేరి స్కోరు సమం చేశాడు. బోస్టన్ ఆ ఆట గెలిచి, సిరీస్ గెలిచి, 1918 తర్వాత తొలి వరల్డ్ సిరీస్ గెలిచింది. ఫ్రాంకోనా నిర్ణయం గొప్పదే, కాని జులైలో ఎప్స్టీన్ ఆ మనిషిని తెచ్చి పెట్టకపోతే ఆయన దింపడానికి ఎవరూ ఉండేవారు కాదు. ఆ రాబర్ట్స్ తర్వాత డాడ్జర్స్ మేనేజరు అయ్యాడు. క్యాష్‌ను ఓడించిన జట్టు అతడిదే.

ఇదే సందర్భంలో 2002 ఓక్లాండ్ కథ గురించి ఒక మాట. సుమారు 4 కోట్ల డాలర్ల జీతాల పద్దుతో, దాదాపు 12.5 కోట్లు ఖర్చుపెట్టిన యాంకీస్‌తో సమానంగా 103 ఆటలు గెలవడం జనరల్ మేనేజరు బిల్లీ బీన్ ఘనతే. ఇతరులు వద్దనుకున్న ఆటగాళ్లను చౌకగా ఏరుకోవడం వల్లే అది సాధ్యమైందని చెప్పుకుంటారు. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ పిచర్ బహుమతి అందుకున్న బ్యారీ జీటో, అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన మిగెల్ తెహాడా ఇద్దరూ ఓక్లాండ్ సొంతంగా పెంచుకున్నవారే అన్న సంగతి ఆ కథలో ఎందుకో వెనక్కి పోతుంది.

ప్రశ్న: మేనేజరు ప్రభావం అంత తక్కువైతే జట్టు ఓడగానే ఆయనను ఎందుకు తీసేస్తారు?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: 26 మందిని ఒకేసారి తీసేయడం కుదరదు కనుక. ఒక్కోసారి ఆ మార్పు ఫలిస్తుంది కూడా. 2022లో ఫిలడెల్ఫియా 22 గెలిచి 29 ఓడిన దశలో జో జిరార్డీని తప్పించి రాబ్ థామ్సన్‌ను కూర్చోబెట్టింది. జట్టు మిగిలిన ఆటల్లో 65 గెలిచి 46 ఓడి, వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. 2003లో 16 గెలిచి 22 ఓడిన ఫ్లోరిడా మార్లిన్స్ 72 ఏళ్ల జాక్ మెకీన్‌ను తెచ్చుకుని ఏకంగా కప్పే కొట్టింది. అయితే ఈ రెండు జట్ల దగ్గరా సరుకు ముందే ఉంది. సత్తా ఉన్న జట్టు అధ్వాన్నంగా ఆడుతున్నప్పుడే మేనేజరును మారుస్తారు, అక్కడి నుంచి ఎవరు కూర్చున్నా కొంత పైకి లేవడం సహజం. సరుకు లేనిచోట ఏమవుతుందో 2024 చికాగో వైట్ సాక్స్ చూపించింది. పెడ్రో గ్రిఫోల్ హయాంలో 28 గెలుపులు, 89 ఓటములు. ఆగస్టులో ఆయనను పంపేశాక గ్రేడీ సైజ్‌మోర్ హయాంలో 13 గెలుపులు, 32 ఓటములు.

ప్రశ్న: మన సన్‌రైజర్స్‌కు ఈ లెక్క వర్తిస్తుందా?
– ఒక అభిమాని, ఉప్పల్

జవాబు: చాలావరకు వర్తిస్తుంది. 2023లో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు, వేలంలో 20.5 కోట్లకు పాట్ కమిన్స్‌ను, 6.8 కోట్లకు ట్రావిస్ హెడ్‌ను కొని, డేనియల్ వెటోరీని కోచ్‌గా పెట్టుకుని 2024లో ఫైనల్ ఆడింది. అదే కెప్టెన్, అదే కోచ్‌తో 2025లో ఆరో స్థానానికి దిగింది. ఒక తేడా మాత్రం ఉంది. క్రికెట్‌లో కెప్టెన్ మైదానంలో తానూ ఆడుతూ, ఒక ఓవర్ తర్వాత బౌలర్‌ను పక్కనపెట్టినా మళ్లీ పదిహేనో ఓవర్‌కు పిలవగలడు. బేస్‌బాల్‌లో ఆట నుంచి తప్పించిన ఆటగాడు ఆ రోజు తిరిగి రాలేడు. కనుక నిర్ణయాల సంఖ్య తక్కువైనా, ఒక్కొక్కదాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు.

ప్రశ్న: మేనేజరు పనితనం గమనించాలంటే ఆటలో ఏ భాగం చూడాలి? మొత్తం చూసే తీరిక లేదు.
– ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆరో ఇన్నింగ్స్ నుంచి ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా చూడండి. వేసవిలో డాలస్ దగ్గరి రేంజర్స్ మైదానంలో రాత్రి 7:05కు మొదలయ్యే ఆట మనకు తెల్లవారి 5:35కు మొదలవుతుంది కనుక, మీరు ఏడు గంటల ప్రాంతంలో టీవీ పెట్టుకుంటే సరిపోతుంది. పిచర్ మీద కన్నా బుల్‌పెన్‌లో (మారుగా వచ్చే పిచర్లు సిద్ధమయ్యే చోటు) చేయి వేడెక్కించుకుంటున్నవారి మీద కన్నేసి ఉంచండి. 2020 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం కొత్తగా వచ్చిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగిసేదాకా వేయాలి. అందువల్ల రాబోయే ముగ్గురిలో ఎడమచేతి వాటం వారెందరో, కుడిచేతి వాటం వారెందరో లెక్క చూసుకుని మీరే ఒకరిని ఎంచుకోండి, తర్వాత మేనేజరు ఎవరిని పిలిచారో పోల్చి చూడండి.